తిరిగే తలుపు: ఉష్ణోగ్రత, పీడన భేదాలను లెక్కించే విధానం

బహుళ అంతస్తుల కార్యాలయాలు, పెద్ద హోటళ్లు, విమానాశ్రయాల ప్రవేశమార్గాలలో కనిపించే తిరిగే తలుపు చూడడానికి అలంకారంలా ఉన్నా, అది ఒక వాతావరణ నియంత్రణ సాధనం. మామూలు భాషలో రివాల్వింగ్ డోర్‌గా స్థిరపడిన ఈ ఏర్పాటు ఎప్పుడూ మూసే ఉంటుంది, అయినా ఎప్పుడూ మనిషిని లోపలికి రానిస్తుంది. బయటి గాలికి, లోపలి గాలికి మధ్య నేరుగా దారి ఏర్పడకుండా చూడడమే దాని ప్రధాన ధర్మం. భవనం లోపల, వెలుపల ఉష్ణోగ్రతలో, పీడనంలో ఉండే తేడాలు ఈ తలుపు పనితీరును ఎలా ప్రభావితం చేస్తాయో కంప్యూటర్ సిమ్యులేషన్ ద్వారా లెక్కించడం నేడు భవన ఇంజినీరింగులో ఒక భాగం. విద్యుత్ బిల్లు, అగ్నిప్రమాద సమయంలో ప్రాణరక్షణ, వికలాంగుల ప్రవేశ సౌకర్యం అనే మూడు అంశాలూ ఈ లెక్కతో ముడిపడి ఉన్నాయి.

పుట్టుక

గాలి చొరబాటును అరికట్టే తలుపు కోసం యూరప్, అమెరికాలలో 19వ శతాబ్దం చివరి నాళ్లలో ప్రయత్నాలు జరిగాయి. బెర్లిన్‌కు చెందిన హెచ్. బాక్‌హాకర్ 1881లో జర్మనీలో ఇలాంటి తలుపుకు పేటెంటు పొందారు. గాలి వీచని తలుపు అన్నదే ఆ పేటెంటు శీర్షిక భావం. అమెరికాలోని ఫిలడెల్ఫియాకు చెందిన థియోఫిలస్ వాన్ కానెల్‌కు 1888 ఆగస్టు 7న 387571 సంఖ్య గల పేటెంటు మంజూరైంది. తుపాను తలుపు నిర్మాణం అన్న పేరుతో నమోదైన ఆ రూపకల్పనలో మూడు రెక్కలు, వాటి అంచులకు గాలి చొరబడకుండా మెత్తని పట్టీలు ఉన్నాయి. గాలి, మంచు, వాన, దుమ్ము లోపలికి రాకుండా ఆపడంతో పాటు వీధి రొదను తగ్గించడం కూడా ఆయన చెప్పుకొన్న ప్రయోజనాలలో ఒకటి. మరుసటి ఏడాది ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్ ఆయనకు జాన్ స్కాట్ పతకాన్ని ప్రదానం చేసింది.

ఆకాశహర్మ్యాలు పెరిగిన కాలంలోనే ఈ తలుపు ప్రాచుర్యం పొందడం యాదృచ్ఛికం కాదు. భవనం ఎత్తు పెరిగిన కొద్దీ కింది అంతస్తు తలుపుపై పీడనం పెరుగుతుంది. మామూలు తలుపును తెరవడమే కష్టమయ్యే స్థితి వస్తుంది. ఎందుకో తెలియాలంటే ముందుగా ఎత్తైన భవనంలో గాలి నడిచే తీరును గమనించాలి.

భవనమే ఒక పొగగొట్టం

వేడి గాలి సాంద్రత తక్కువ, చల్లని గాలి సాంద్రత ఎక్కువ. సున్నా డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఘనమీటరు గాలి సుమారు 1.29 కిలోలు తూగుతుంది. 22 డిగ్రీల వద్ద అది దాదాపు 1.20 కిలోలకు తగ్గుతుంది. తేడా 100 గ్రాముల లోపే అయినా, ఎత్తైన భవనంలో ఈ చిన్న తేడా మీటరు మీద మీటరుగా పేరుకుంటుంది. పై లెక్క ప్రకారం ప్రతి మీటరు ఎత్తుకు సుమారు 0.95 పాస్కల్ పీడన భేదం ఏర్పడుతుంది.

శీతల దేశాలలో చలికాలంలో భవనం లోపలి వెచ్చని గాలి లిఫ్టు మార్గాలు, మెట్ల మార్గాల గుండా పైకి లేచి, పై అంతస్తుల సందుల నుంచి బయటకు పోతుంది. దాని స్థానంలో కింది అంతస్తు తలుపుల గుండా చల్లని గాలి లోపలికి దూసుకువస్తుంది. దీనినే స్టాక్ ఎఫెక్ట్, అంటే పొగగొట్టం ప్రభావం అంటారు. భవనం మధ్యలో ఎక్కడో ఒక ఎత్తున లోపలి పీడనం, బయటి పీడనం సమానంగా ఉంటాయి. దానికి తటస్థ తలం అని పేరు. ఆ తలానికి దిగువన గాలి లోపలికి, ఎగువన బయటకు నడుస్తుంది.

200 మీటర్ల ఎత్తు గల భవనంలో తటస్థ తలం సరిగ్గా మధ్యన ఉందనుకుంటే, బయట సున్నా డిగ్రీలు, లోపల 22 డిగ్రీలు ఉన్నప్పుడు నేల అంతస్తు తలుపుపై దాదాపు 95 పాస్కల్ పీడన భేదం ఉంటుంది. ఒక మీటరు వెడల్పు, 2.1 మీటర్ల ఎత్తు ఉన్న తలుపుపై అది దాదాపు 200 న్యూటన్ల బలం, అంటే సుమారు 20 కిలోల బరువుకు సమానం. ఆ బలం తలుపు మధ్యలో పనిచేస్తుంది కనుక, అంచున ఉన్న పిడి వద్ద దాదాపు సగం బలంతో లాగవలసి వస్తుంది. తలుపును మూసే స్ప్రింగు బలం దీనికి అదనం. పిల్లలకు, వృద్ధులకు ఇది తేలిక కాదు. ఇది గరిష్ఠ అంచనా. అంతస్తుల మధ్య గోడలు, తలుపులు గాలిని ఎంతగా అడ్డుకుంటే నేల అంతస్తు తలుపుపై పడే వాటా అంతగా తగ్గుతుంది.

భారతీయ వేసవిలో తిరగబడే ప్రవాహం

ఉష్ణ దేశాలలో ఇదే ప్రక్రియ తలకిందులుగా జరుగుతుంది. హైదరాబాద్ వేసవిలో బయట 42 డిగ్రీలు, లోపల 24 డిగ్రీలు ఉన్న భవనాన్ని తీసుకుంటే, లోపలి చల్లని గాలి ఘనమీటరుకు సుమారు 1.19 కిలోలు, బయటి వేడి గాలి 1.12 కిలోలు తూగుతాయి. బరువైన చల్లని గాలి కిందికి దిగి, నేల అంతస్తు తలుపుల నుంచి వీధిలోకి జారిపోతుంది. పై అంతస్తుల సందుల నుంచి వేడి గాలి లోపలికి చేరుతుంది. మండుటెండలో పెద్ద దుకాణం తలుపు ముందు నిలుచున్నవారి కాళ్లకు తగిలే చల్లదనం ఈ నష్టానికి ప్రత్యక్ష సాక్ష్యం.

ఈ పరిస్థితిలో పీడన భేదం మీటరుకు సుమారు 0.67 పాస్కల్. 60 మీటర్ల భవనంలో నేల అంతస్తు తలుపు వద్ద అది 20 పాస్కల్, 150 మీటర్ల భవనంలో 50 పాస్కల్ వరకు చేరగలదు. దీనికి గాలివేగం కూడా తోడవుతుంది. సెకనుకు 10 మీటర్ల వేగంతో నేరుగా తలుపును తాకే గాలి 57 పాస్కల్ వరకు పీడనాన్ని కలిగించగలదు. ఎయిర్ కండిషనింగ్ వ్యవస్థ లోపలికి పంపే తాజా గాలికి, బయటకు లాగే గాలికి మధ్య ఉన్న తేడా మరొక కారణం. సిమ్యులేషన్‌లో తలుపుకు ఇరువైపులా ఇవ్వవలసిన పీడన విలువలు ఈ మూడింటి మొత్తం నుంచే వస్తాయి.

తీరప్రాంతంలో ఉష్ణోగ్రత ఒక్కటే లెక్కిస్తే సరిపోదు. విశాఖపట్నం లేదా చెన్నైలో బయట 34 డిగ్రీలు, 65 శాతం తేమ ఉన్న రోజున కిలో పొడి గాలిలో దాదాపు 22 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. లోపల 24 డిగ్రీలు, 50 శాతం తేమ వద్ద అది 9 గ్రాముల పైచిలుకు మాత్రమే. లోపలికి చొరబడిన ప్రతి కిలో గాలిని 10 డిగ్రీలు చల్లబరచడానికి సుమారు 10 కిలోజౌళ్ల ఉష్ణాన్ని తొలగిస్తే చాలు. కానీ అందులోని అదనపు ఆవిరిని నీరుగా మార్చడానికి దాదాపు 31 కిలోజౌళ్ల గుప్తోష్ణాన్ని తొలగించాలి. అంటే తలుపు గుండా వచ్చే భారంలో సింహభాగం తేమదే. శీతల దేశాల కోసం తయారైన లెక్కలను మన తీర నగరాలకు యథాతథంగా వాడితే నష్టం అసలుకన్నా చాలా తక్కువగా తేలుతుంది.

తిరిగే తలుపు బలాన్ని ఎలా రద్దు చేస్తుంది

తిరిగే తలుపులో నిలువు ఇరుసుకు మూడు లేదా నాలుగు రెక్కలు బిగించి ఉంటాయి. వాటి చుట్టూ రెండు వంపు గోడలు ఒక పీపాలా నిలుస్తాయి. రెక్కల అంచులకు బ్రష్ లేదా రబ్బరు సీళ్లు ఉంటాయి. ఏ క్షణంలో చూసినా వీధి నుంచి లోపలికి అడ్డంకి లేని దారి ఉండదు.

బయటి పీడనం ఎక్కువగా ఉన్నప్పుడు అది ఇరుసుకు ఎడమన ఉన్న రెక్కను, కుడిన ఉన్న రెక్కను సమానంగా లోపలికి నెడుతుంది. ఎడమ రెక్కపై బలం తలుపును ఒక దిశలో తిప్పజూస్తే, కుడి రెక్కపై బలం దానికి ఎదురు దిశలో తిప్పజూస్తుంది. రెండూ పరస్పరం రద్దవుతాయి. అందువల్ల 20 పాస్కల్ ఉన్నా, 100 పాస్కల్ ఉన్నా మనిషి ప్రధానంగా సీళ్ల రాపిడిని, రెక్కల జడత్వాన్ని మాత్రమే అధిగమించాలి. మామూలు తలుపు పీడనంతో పోరాడుతుంది. తిరిగే తలుపు పీడనాన్ని తనలో తానే తూకం వేసుకుంటుంది.

ఈ గుణం ఎంత విలువైనదో గాలితో నిలిచే స్టేడియాలు చూపుతాయి. 1988లో ప్రారంభమైన టోక్యో డోమ్ పైకప్పును లోపలి గాలి పీడనమే పైకి ఎత్తి ఉంచుతుంది. లోపలి పీడనం బయటికన్నా సుమారు 0.3 శాతం ఎక్కువ, అంటే దాదాపు 300 పాస్కల్. మామూలు తలుపు పరిమాణంపై అది 60 కిలోలకు మించిన బరువుకు సమానం. అక్కడ ప్రేక్షకుల రాకపోకలకు తిరిగే తలుపులు వాడడానికి కారణం ఇదే.

రెండు వేర్వేరు లోపాలు

తిరిగే తలుపు గాలిని పూర్తిగా ఆపదు. గాలి రెండు మార్గాలలో దాటుతుంది. ఈ రెండింటికీ కారణాలు వేరు, లెక్కించే పద్ధతులూ వేరు.

మొదటిది గదుల ద్వారా జరిగే మార్పిడి. రెండు రెక్కల మధ్య ఉన్న గది లోపలి వైపు తెరుచుకున్నప్పుడు అందులోకి చల్లని గాలి చేరుతుంది. అదే గది తిరిగి వీధి వైపు తెరుచుకున్నప్పుడు ఆ చల్లని గాలి అడుగుభాగం నుంచి బయటకు జారి, పైనుంచి వేడి గాలి లోపలికి వస్తుంది. దీనిని నడిపేది ప్రధానంగా ఉష్ణోగ్రత భేదం. పీడన భేదానికి ఇక్కడ పాత్ర అత్యల్పం. వాతావరణ పీడనం లక్ష పాస్కల్‌కు పైగా ఉండగా 20 పాస్కల్ తేడా వల్ల గదిలోని గాలి ఘనపరిమాణం 0.02 శాతం మాత్రమే మారుతుంది.

రెండవది అంచుల వద్ద కారుడు. రెక్కకు, గోడకు మధ్య, రెక్కకు, నేలకు మధ్య ఉండే సన్నని సందుల గుండా గాలి దాటుతుంది. దీనిని నడిపేది పీడన భేదం. తలుపు తిరిగినా, తిరగకపోయినా ఇది రాత్రింబవళ్లు సాగుతూనే ఉంటుంది.

రెండు మీటర్ల వ్యాసం, 2.1 మీటర్ల ఎత్తు ఉన్న నాలుగు రెక్కల తలుపులో మొత్తం ఘనపరిమాణం 6.6 ఘనమీటర్లు, ఒక్కో గది 1.65 ఘనమీటర్లు. ఒక మనిషి దాటినప్పుడు జరిగే మార్పిడికి ఇదే గరిష్ఠ పరిమితి. ఇప్పుడు ఇదే స్థానంలో ఒక మీటరు వెడల్పు గల మామూలు తలుపును ఊహించాలి. 18 డిగ్రీల తేడా మాత్రమే ఉండి, పీడన భేదం లేని ఒకే అంతస్తు భవనంలో అది పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు సెకనుకు సుమారు 0.46 ఘనమీటర్ల గాలి మార్పిడి జరుగుతుంది. ఐదు సెకన్లు తెరిచి ఉంటే 2.3 ఘనమీటర్లు. కానీ 20 పాస్కల్ పీడన భేదం ఉంటే గాలి సెకనుకు దాదాపు 6 మీటర్ల వేగంతో దూసుకుపోతుంది. తెరిచిన తలుపు గుండా సెకనుకు 7 ఘనమీటర్లకు పైగా, ఐదు సెకన్లలో 37 ఘనమీటర్ల వరకు నష్టం జరగగలదు. తలుపు తెరవగానే భవనంలోని పీడనాలు కొంత సర్దుకుంటాయి కనుక ఇదీ గరిష్ఠ అంచనాయే.

అంటే తిరిగే తలుపు వల్ల కలిగే లాభం అన్ని చోట్లా ఒకటి కాదు. చిన్న భవనంలో అది ఒకటిన్నర రెట్లకు మించకపోవచ్చు. ఎత్తైన భవనంలో 20 రెట్లు దాటవచ్చు. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ విద్యార్థులు 2006లో తమ ప్రాంగణంలోని ఒక భవనంపై చేసిన అధ్యయనంలో, మామూలు తలుపు తిరిగే తలుపు కన్నా సుమారు ఎనిమిది రెట్లు ఎక్కువ గాలిని మార్పిడి చేస్తున్నట్లు తేలింది. తరచుగా ఉదహరించే ఈ ఎనిమిది రెట్ల సంఖ్య ఆ భవనానికి, ఆ వాతావరణానికి చెందినది. ఏ భవనానికి ఆ భవనం లెక్క వేయవలసిందే.

వేగం పెరిగితే ఏమవుతుంది

తలుపు వేగంగా తిరిగితే గాలి మార్పిడి అంతే వేగంగా పెరుగుతుందని అనిపించవచ్చు. లెక్కలు వేరుగా చెబుతాయి. పైన పేర్కొన్న వేసవి పరిస్థితిలో గదిలోకి జొరబడే గాలి వాలు వేగం సెకనుకు అర మీటరు పైచిలుకు. ఒక మీటరు లోతున్న గదిలోకి వెళ్లి తిరిగి రావడానికి దానికి మూడున్నర సెకన్లకు పైగా పడుతుంది. నిమిషానికి ఐదు భ్రమణాల వేగంతో తిరిగే తలుపులో ఒక్కో గది ఒక వైపు సుమారు ఆరు సెకన్ల పాటు పూర్తిగానో పాక్షికంగానో తెరిచి ఉంటుంది. కనుక గదిలోని గాలి దాదాపు మొత్తం మారిపోగలదు. నిమిషానికి 12 భ్రమణాల వద్ద ఆ వ్యవధి రెండున్నర సెకన్లకు తగ్గుతుంది. మార్పిడి సగంలోనే ఆగిపోతుంది. అందువల్ల భ్రమణాలు పెరిగినా, ఒక్కో భ్రమణంలో నష్టం తగ్గడంతో మొత్తం నష్టం అదే నిష్పత్తిలో పెరగదు. అయితే మరీ వేగంగా తిరిగే రెక్కలు గాలిని చిలికి, సుడులు పుట్టించి మార్పిడిని మళ్లీ పెంచుతాయి. ఈ రెండు ధోరణుల పోటీని కాగితంపై సూత్రంతో తేల్చడం కష్టం. సిమ్యులేషన్ అవసరం ఇక్కడే మొదలవుతుంది.

కొలత నుంచి సిమ్యులేషన్ వరకు

తిరిగే తలుపుల గాలి మార్పిడిపై 1961లో షుట్రమ్, ఆయన సహచరులు అమెరికాలో ప్రచురించిన ప్రయోగశాల ఫలితాలు ఈ రంగంలో తొలి ప్రామాణిక కొలతలు. భ్రమణ వేగం, ఉష్ణోగ్రత భేదాల ఆధారంగా వారు ఇచ్చిన రేఖాపటాలను ఇంజినీర్లు దశాబ్దాల పాటు వాడారు. కెనడాలోని మాంట్రియల్‌లో ఉన్న కాంకార్డియా విశ్వవిద్యాలయ పరిశోధకులు తరువాతి కాలంలో సీళ్ల వద్ద కారుడును కొలిచారు. 2003లో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో జరిగిన అంతర్జాతీయ భవన సిమ్యులేషన్ సదస్సులో వాన్ షైండెల్, జ్మెయురెయాను, స్టాథోపౌలోస్ తిరిగే తలుపు గుండా గాలి చొరబాటును కంప్యూటర్‌లో అనుకరించే పరిశోధనను సమర్పించారు.

నేడు మూడు స్థాయిల పద్ధతులు వాడుకలో ఉన్నాయి.

మొదటి స్థాయి సరళ గణన. తలుపును కొన్ని రంధ్రాల సముదాయంగా, గదులను గాలిని మోసుకెళ్లే బకెట్లుగా భావిస్తారు. గది ఘనపరిమాణం, భ్రమణాల సంఖ్య, ఒక్కో గదిలో మారే గాలి శాతం అనే మూడింటి లబ్ధం మార్పిడిని ఇస్తుంది. సందు వైశాల్యం, పీడన భేదపు వర్గమూలం కారుడును ఇస్తాయి. ఉదాహరణకు 8.2 మీటర్ల పొడవున్న ఒక వరుస సీలులో రెండు మిల్లీమీటర్ల సందు ఉంటే, 20 పాస్కల్ వద్ద గంటకు సుమారు 200 ఘనమీటర్ల గాలి కారిపోతుంది. గంటకు 100 మంది దాటే తలుపులో గదుల మార్పిడి గరిష్ఠంగా 165 ఘనమీటర్లు. అంటే అరిగిపోయిన బ్రష్ జనసంచారం కన్నా పెద్ద నష్టం చేయగలదు. పైగా రాత్రి జనసంచారం ఉండదు గానీ, కారుడు ఉంటుంది.

రెండవ స్థాయి ద్రవగతి గణన. కంప్యూటేషనల్ ఫ్లూయిడ్ డైనమిక్స్ పేరుతో ప్రసిద్ధమైన ఈ పద్ధతిలో తలుపు చుట్టూ ఉన్న గాలిని లక్షలాది చిన్న గడులుగా విభజించి, ద్రవ్యరాశి, ద్రవ్యవేగం, శక్తి నిత్యత్వ సమీకరణాలను ప్రతి గడిలో సాధిస్తారు. రెక్కలున్న భాగపు వల తిరుగుతూ, బయటి వల నిశ్చలంగా ఉంటూ, రెండూ ఒకదానిపై ఒకటి జారే విధంగా ఏర్పాటు చేస్తారు. సాధారణంగా తలుపు ఒక డిగ్రీ తిరిగే కాలాన్ని లేదా అంతకన్నా తక్కువను ఒక అడుగుగా తీసుకుంటారు. నిమిషానికి ఐదు భ్రమణాల వద్ద ఆ అడుగు సెకనులో 30వ వంతు. ఒక్క భ్రమణంతో ఫలితం రాదు. వరుస భ్రమణాలలో ఒకే విలువ పునరావృతమయ్యే వరకు లెక్క సాగాలి.

ఈ పద్ధతిలో అసలు చిక్కు కొలతల అంతరం. తలుపు వ్యాసం రెండు మీటర్లు, సందు రెండు మిల్లీమీటర్లు. అంటే వెయ్యి రెట్ల తేడా. సందును కూడా గడులతో నింపితే లెక్క పెరిగిపోతుంది, వదిలేస్తే కారుడు మాయమవుతుంది. అందుకే సీలును ప్రయోగశాలలో కొలిచిన నిరోధం గల సచ్ఛిద్ర పట్టీగా చూపడం ఆచరణీయ మార్గం.

మూడవ స్థాయి మొత్తం భవన గణన. ద్రవగతి గణన ఇచ్చిన ఫలితాలను వేగం, ఉష్ణోగ్రత భేదం, పీడన భేదాలపై ఆధారపడే ఒక సరళ సూత్రంగా కుదించి భవన నమూనాలో చేరుస్తారు. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్టీ రూపొందించిన కాంటామ్, ఆ దేశ ఇంధన శాఖ అభివృద్ధి చేసిన ఎనర్జీప్లస్ ఇందుకు విరివిగా వాడే కార్యక్రమాలు. ఏడాదిలోని 8,760 గంటల వాతావరణ వివరాలతో ఇవి భవనాన్ని నడిపి చూస్తాయి. తలుపును భవనం నుంచి విడదీసి, ఇరువైపులా స్థిర పీడనం ఇచ్చి చేసే లెక్క తప్పుదారి పట్టించవచ్చు. ఎందుకంటే తలుపు వద్ద పీడనాన్ని నిర్ణయించేవి లిఫ్టు మార్గం పైభాగంలోని రంధ్రం, పై అంతస్తు కిటికీల బిగింపు వంటి దూరపు అంశాలు.

కంప్యూటర్ ఫలితాలను సరిచూడడానికి నీటి తొట్టె ప్రయోగాలు కూడా ఉపకరిస్తాయి. చిన్న పరిమాణంలో తయారుచేసిన తలుపు నమూనాకు ఒక వైపు మంచినీరు, మరొక వైపు రంగు కలిపిన ఉప్పునీరు ఉంచి తిప్పుతారు. ఉప్పునీరు చల్లని గాలికి ప్రతిరూపం. ఏ సిమ్యులేషన్ అయినా నమ్మదగినదని చెప్పాలంటే గడులను సగానికి కుదించినప్పుడు ఫలితం మారకపోవడం, లోపలికి వచ్చిన శక్తి, బయటకు పోయిన శక్తి సరిపోలడం, కనీసం ఒక కొలతతో ఏకీభవించడం అనే మూడు పరీక్షలు నెగ్గాలి.

ప్రాణరక్షణ పాఠాలు

గాలిని బిగించి ఉంచే గుణమే ప్రమాద సమయంలో మనుషులనూ బంధించగలదు. 1942 నవంబరు 28న అమెరికాలోని బోస్టన్‌లో కోకోనట్ గ్రోవ్ నైట్‌క్లబ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో 492 మంది మరణించారు. ప్రధాన ద్వారం వద్ద ఉన్న ఏకైక తిరిగే తలుపులోకి జనం ఇరువైపుల నుంచీ తోసుకురావడంతో అది బిగుసుకుపోయింది. ఆ దుర్ఘటన తరువాత తిరిగే తలుపు పక్కన బయటకు తెరుచుకునే మామూలు తలుపులు ఉండాలన్న నియమం, ఒత్తిడి పడితే రెక్కలు మడతపడి దారి ఇచ్చే ఏర్పాటు బలపడ్డాయి. భారత జాతీయ భవన నియమావళి 2005 సంస్కరణ కూడా నివాస, వ్యాపార, వాణిజ్య భవనాలలో తప్ప తిరిగే తలుపులను తప్పనిసరి నిష్క్రమణ మార్గాలుగా లెక్కించరాదని, ఆ భవనాలలోనూ మొత్తం తలుపు వెడల్పులో అవి సగానికి మించరాదని పేర్కొంది.

2004 మార్చి 26న టోక్యోలోని రొప్పొంగి హిల్స్ మోరి టవర్‌లో విద్యుత్‌తో తిరిగే పెద్ద తలుపులో తల చిక్కుకుని ఆరేళ్ల బాలుడు మృతి చెందాడు. ఆ తలుపు తిరిగే భాగం బరువు సుమారు 2.7 టన్నులు. తేలికపాటి యూరోపియన్ నమూనా నుంచి వచ్చిన రూపకల్పన ఉక్కు వాడకంతో బరువెక్కిందని తరువాతి పరిశీలనలు ఎత్తిచూపాయి. బరువు పెరిగితే సెన్సర్ హెచ్చరించిన తరువాత కూడా తలుపు వెంటనే ఆగలేదు. గాలి ఒత్తిడికి నిలవాలని తలుపును దృఢంగా, బరువుగా చేసే ప్రతి నిర్ణయం ఆగే దూరాన్ని కూడా మారుస్తుందన్నది ఈ ఘటన నేర్పిన పాఠం. అందువల్ల గాలి లెక్క, జడత్వ లెక్క ఒకే బల్లపై ఉండాలి.

భారతీయ నియమాలు, ఆచరణ

ఇంధన సామర్థ్య బ్యూరో 2007లో ప్రవేశపెట్టి, 2017లో సవరించిన ఇంధన పరిరక్షణ భవన నియమావళి ప్రకారం తిరిగే తలుపుల గుండా గాలి కారుడు చదరపు మీటరుకు సెకనుకు 5 లీటర్లు మించరాదు. రెండు మీటర్ల వెడల్పు, 2.1 మీటర్ల ఎత్తు గల ప్రవేశానికి ఇది గంటకు సుమారు 75 ఘనమీటర్లు. ముందు చెప్పిన రెండు మిల్లీమీటర్ల సందు ఈ పరిమితిని సులభంగా దాటగలదు. కొత్త తలుపు పరీక్షలో నెగ్గినా, దుమ్ము ఎక్కువగా ఉండే నగరాలలో బ్రష్‌లు త్వరగా అరుగుతాయి. వాటిని క్రమంగా మార్చకపోతే తలుపుపై పెట్టిన ఖర్చు వృథా అవుతుంది.

వీల్‌చైర్‌లో వచ్చేవారికి, చేతికర్రతో నడిచేవారికి, పెద్ద సామానుతో వచ్చేవారికి తిరిగే తలుపు అనుకూలం కాదు. అందువల్ల పక్కన మరో తలుపు ఉండి తీరాలి. అయితే ఆ తలుపు సులభంగా ఉందని అందరూ దానినే వాడితే తిరిగే తలుపు ప్రయోజనం దెబ్బతింటుంది. మసాచుసెట్స్ అధ్యయనంలోనూ తిరిగే తలుపును ఎంచుకున్నవారు సుమారు నాలుగో వంతు మాత్రమే. భద్రతా తనిఖీ కోసమో, రద్దీ వేళ సౌలభ్యం కోసమో పక్క తలుపును తెరిచి కట్టేసే అలవాటు ఉన్న చోట సిమ్యులేషన్ చూపిన పొదుపు కాగితానికే పరిమితమవుతుంది. రెండు తలుపుల మధ్య చిన్న గది ఉండే వెస్టిబ్యూల్, పైనుంచి గాలి తెరను వదిలే ఎయిర్ కర్టెన్ వంటి ప్రత్యామ్నాయాలనూ ఇదే లెక్కతో పోల్చి చూడాలి. తక్కువ ఎత్తు భవనాలలో అవే చవకగా సరిపోవచ్చు.

కనుక ఒక భవనానికి తిరిగే తలుపు కావాలా అన్న ప్రశ్నకు సమాధానం భవనం ఎత్తు, ఆ ఊరి వేడి, తేమ, రోజుకు దాటే మనుషుల సంఖ్య, సీళ్ల నిర్వహణ అనే నాలుగు అంశాలలో ఉంటుంది. ఉష్ణోగ్రత భేదం గదుల పరిమాణాన్ని, భ్రమణ వేగాన్ని ప్రశ్నిస్తుంది. పీడన భేదం అంచుల బిగింపును ప్రశ్నిస్తుంది. రెండింటినీ విడివిడిగా లెక్కించి, మొత్తం భవనంతో కలిపి చూసినప్పుడే ఆ తలుపు నిజంగా ఎంత ఆదా చేస్తుందో, ఆపదలో ఎంతమందిని బయటపడనిస్తుందో తెలుస్తుంది.